తీరపు రహదారి సముద్రమునకు దూరమేల?

పటము ముందుంచుకొని, కత్తిపూడి నుండి ఒంగోలు వరకు 216వ నంబరు జాతీయ రహదారి వెంట వ్రేలు నడిపినచో ఒక విశేషము కనబడును. కాకినాడ, అమలాపురము, నరసాపురము, మచిలీపట్నము, రేపల్లె, బాపట్ల, చీరాలలను కలుపుచు సుమారు 390 కిలోమీటర్లు సాగు ఈ బాట తీరసీమకు ప్రధానమైనది. అయినను పెక్కుచోట్ల దీనిపై పోవువారికి సముద్రము కనబడదు. రేపల్లె, బాపట్లల నడుమ అడవులదీవి, నిజాంపట్నము దీనికి సముద్రపు వైపుననే మిగిలిపోవును. కారణమేమి?

కారణము నేలలో కలదు. కృష్ణ తెచ్చిన ఒండ్రు, కెరటములు పేర్చిన ఇసుక కలిసి ఈ భూమి ఏర్పడినది. సుమారు ఆరేడు వేల యేండ్ల క్రితము సముద్రమట్టము నేటి మట్టమునకు చేరువైనది. అటుపిమ్మట డెల్టా క్రమముగా ముందుకు పెరిగినది. నాటి ఒడ్డుల ఇసుక దిబ్బలు నేడు లోతట్టున వరుసలుగా నిలిచియున్నవి. పల్లములలో మెత్తని బంకమట్టి పేరుకొన్నది. ఒడ్డుకు చేరువైనకొద్దీ ఉప్పుకయ్యలు, మడ అడవులు అడ్డుపడును.

ఇసుక రేణువుల సందులు పెద్దవి. బరువు పడగానే నీరు వెడలిపోయి నేల త్వరగా సర్దుకొనును. బంకమట్టి సందులు మిక్కిలి సూక్ష్మములు. నీరు మెల్లగా వెడలుటచే, కట్ట వేసిన పిదప ఏండ్ల తరబడి నేల క్రుంగుచుండును. అన్నిచోట్ల ఒకేవిధముగ క్రుంగదు గనుక బాట పగులును. అందుచే ఇంజనీర్లు మట్టిలో ఇసుక స్తంభములు దింపి, పైన బరువుంచి, నీటిని ముందుగనే వెడలింతురు.

రెండవ చిక్కు వాననీరు. అది సముద్రమునకు పోవును. బాట దానికి అడ్డముగ సాగును. తూములు చాలనిచో కట్టయే ఆనకట్టయై పొలములను ముంచును. అట్లని కట్టను తగ్గించుటయు తగదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణములను బలిగొన్నది. తుఫాను హెచ్చరిక వచ్చిననాడు జనము తరలిపోవుటకు మునగని బాట కావలెను. కావున ఎత్తైన కట్ట, చాలినన్ని తూములు రెండును అవసరమే.

విద్యార్థులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. అడుగున చిల్లులు పొడిచి గుడ్డ పరచిన రెండు డబ్బాలలో ఒకదాన తడి ఇసుకను, వేరొకదాన తడి బంకమట్టిని నింపి, సమానమైన బరువు లుంచవలెను. ఏది ముందు నిలకడ చెందునో గమనించినచో, బాట వేయువాడు మొదట మట్టినేల పరీక్షించునో బోధపడును.