ఇల్లాలి నోట ఇంటాయన పేరు



దేవాలయమున అర్చన చీటీలు వ్రాయు గుమాస్తా ప్రక్కన ఒక్క గంటసేపు నిలిచినవారికి, మన ప్రాంతపు స్త్రీల మాటతీరు ఈ 40 ఏండ్లలో ఎంత మారినదో ఏ గ్రంథమును తిరుగవేయనక్కర లేకయే తెలియును. మునుపు గుమాస్తా "యజమాని పేరేమిటమ్మా?" అని అడిగినచో ఆ యిల్లాలు తల వంచుకొని, వెంట వచ్చిన పిల్లవానిని ముందునకు త్రోసి "మీ నాన్న పేరు చెప్పరా" అనెడిది. పిల్లవాడు వెంట లేనప్పుడు పొడుపుకథ మొదలయ్యెడిది. "కోటప్పకొండ మీది సామి పేరేనండీ" అని ఊరకుండెడిది. గుమాస్తా కలము పట్టుకొని, కోటయ్యా, కోటేశ్వరరావా, కోటిరెడ్డా అని వరుసగా చదువవలెను. సరియైన పేరు తగిలినప్పుడు ఆమె తల యూపును. కొందరు మంగళగిరి సామి పేరనెడివారు. అప్పుడు నరసింహారావో, పానకాలరావో తేల్చుకొనవలెను. మార్కాపురము సామి యనినచో చెన్నకేశవులు, బాపట్ల సామి యనినచో భావనారాయణ. గుంటూరు, ప్రకాశం సీమలో పురుషుల పేర్లు పెక్కు మన క్షేత్రముల దేవుళ్ళవే గనుక, ఊరి పేరు చెప్పి మగని పేరు రాబట్టు ఈ పద్ధతి బాగుగనే సాగినది.

చిక్కంతయు మరియొక చోట నుండెను. మహాశివరాత్రి తిరునాళ్ళకు ప్రభలు కట్టుకొని కోటప్పకొండకు వచ్చు జనులు, తమ్ము పైకి చేదుకొమ్మని కోటయ్యను ఎలుగెత్తి పిలుతురు గదా! మగని పేరును కోటయ్యయే యైన స్త్రీలు ఆ కేకలో ఆ యొక్క మాట దగ్గర "సామీ" అని సరిపెట్టుకొనుట మేమెరుగుదుము. కలియుగమున నామస్మరణమే తరణోపాయమని ప్రవచనములలో చెప్పుకొనువారము మేము. ఆ నామమునే నోట పలుకజాలని భక్తురాలు మా యెదుట కూర్చుండి వినుచుండెడిది. ఇది మాకు చాలకాలము తట్టనే లేదు.

నేటి యువతి అట్లు కాదు. "శ్రీనివాస్ అని వ్రాయండి" అని యింటిపేరుతో సహా చెప్పి, "నా పేరు కూడ వ్రాయండి" అనును. వెనుక వరుసలోని పెద్దావిడ బుగ్గ నొక్కుకొనును. ఇంటికడ ఆ యువతి భర్తను "నువ్వు" అని పిలుచునని విన్నప్పుడు ఆ పెద్దావిడ మాత్రమే కాదు, ఆమె మగడును, బావమరదియు, వీథి అరుగు మీదివారును కలియుగ ధర్మమును గూర్చి మాటలాడ మొదలిడుదురు. ప్రవచనము ముగిసిన పిమ్మట మమ్ము పలువురు అడుగు ప్రశ్నయు ఇదియే: "స్వామీ, ఇది శాస్త్రసమ్మతమేనా?"

మేమెరిగినంతవరకు చెప్పెదము.

పేరు పలుకరాదనువారు సాధారణముగ ఒక సంస్కృత శ్లోకమును ఆధారము చేసికొందురు. దాని భావమిది: మేలు కోరువాడు తన పేరును, గురువు పేరును, పిసినారి పేరును, జ్యేష్ఠ సంతానము పేరును, భార్య పేరును ఉచ్చరింపరాదు. సరిగా వినుడు. భార్య పేరు! ఆ నియమము ముందుగా కట్టివేసినది పురుషుని నోటిని. మన తాతలు దానిని పాటించిరి గూడ. భార్యను పేరు పెట్టి పిలువక "ఏమే" అనియో, "మా ఇంట్లోవాళ్ళు" అనియో అనెడివారు. పెద్దకొడుకును సైతము అసలు పేరున పిలువక "పెద్దోడా" అనెడివారు. కాలక్రమమున పురుషుడు భార్యను పేరున పిలువసాగెను. ఎవరును బుగ్గ నొక్కుకొనలేదు, ఏ అరుగు మీదను కలియుగము ప్రసక్తి రాలేదు. ఉభయులకును గల కట్టుబాటులో ఒక కొస ఎన్నడో తెగిపోయినది; రెండవ కొస తెగినప్పుడే చప్పుడు వినబడినది.

పెండ్లి వేడుకయు ఈ సంగతినే చెప్పును. క్రొత్త దంపతులు గడప దాటునప్పుడు ఆడపడుచులు అడ్డముగ నిలిచి, పేర్లు చెప్పిన గాని లోనికి రానీయమందురు. ఆ గడపలో వధువు వరుని పేరును, వరుడు వధువు పేరును చెప్పవలసినదే. నవ్వులు ముగిసిన తరువాత ఆ రెండు నోళ్ళలో ఒక్కటి మాత్రమే మరల మూతపడుట మన యిండ్ల ఆచారమైనది.

ఇక ఇతిహాసములు. వాల్మీకి రామాయణమున అయోధ్యాకాండలో సీతమ్మ మొదట రాముని "ఆర్యపుత్రా" అని గౌరవముగ సంబోధించి, తానును అడవికి వత్తునని విన్నవించును. రాముడు ఒప్పుకొనక పోగా కొన్ని సర్గల పిదప ఆమెయే "రామా" అని పేరు పెట్టి పిలిచి, ఇటువంటి అల్లుని తెచ్చుకొన్న నా తండ్రి ఏమనుకొనునో యని నిష్ఠురముగ పలుకును. రెండు పలుకులును పతివ్రతా శిరోమణి పలుకులే. బృహదారణ్యకోపనిషత్తులో మైత్రేయి తన భర్త యాజ్ఞవల్క్యుని పూజ్యవాచకముతోనే సంబోధించును. జనకుని సభలో గార్గి ఆ మహర్షినే పేరు పెట్టి పిలిచి ప్రశ్నించును. ఇందు ఒకరిది వినయమనియు, రెండవవారిది అహంకారమనియు చెప్పినవారు లేరు. అయితే ప్రాచీనులు స్త్రీల మాటకు హద్దులే గీయలేదని మేమనము. సంస్కృత నాటకములలో రాజు సంస్కృతము పలుకుచుండగా రాణి ప్రాకృతము పలుకవలెను. మాళవికాగ్నిమిత్రమున సన్న్యాసిని కౌశికి వంటివారికే సంస్కృతము దక్కినది. ఇల్లు విడిచిన స్త్రీకి ఒక భాష, ఇంటనున్న స్త్రీకి ఒక భాష! ఆ యేర్పాటును మేము సమర్థింపబోము.

మన మైదానములలోనైనను అందరు స్త్రీలును ఒక్కతీరున మాటలాడిన కాలము లేదు. "ఏమండీ" యనునది కొన్ని యిండ్ల మాట. మిరప కల్లములకు పోయి వినుడు. ఎండిన కాయల రాశి చుట్టు కూర్చుండి తాలుకాయలు ఏరు స్త్రీలు భర్తను "మామా" అని, "బావా" అని, "ఏమయ్యా" అని పిలుచుచు, "నువ్వు" అనియే మాటలాడుదురు. ఇది నిన్న మొన్నటిది కాదు. మేనమామను, మేనబావను పెండ్లాడు ఆచారమున్న చోట పుట్టినది మొదలు పిలుచు వరుసయే పెండ్లి తరువాతను నిలిచినది. దానిలో అగౌరవమేమున్నది? పత్తి తీయుటకు ఒక ఊరి నుండి మరియొక ఊరికి ఆటోలలో పోవు కూలి స్త్రీలు మేస్త్రీతో కూలి బేరమాడునప్పుడు గొంతు పెంచుదురు. చేను గలవారు వారిని "నోరు గలవాళ్ళు" అందురు. చేను గలవారి కోడలు గొంతు పెంచిన దినమున మాత్రము "కాలము చెడినది" అందురు. కూలి స్త్రీ నోటికి ఈసడింపు, కోడలి నోటికి ఆశ్చర్యము. మెప్పు ఎవరికిని లేదు.

మన భాషయే ఈ విషయమున ఒక చిత్రము చేసినది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమున పురుషవాచకములను మహత్తులని, తక్కినవానిని అమహత్తులని విభజించి, స్త్రీవాచకములకు మహతులని పేరు పెట్టెను. వ్యవహారమునకు వచ్చునప్పటికి రాముడు "వచ్చినాడు". సీత "వచ్చినది", ఆవును "వచ్చినది". కాని స్త్రీలు పలువురు కూడినప్పుడు "వచ్చినారు" అనవలసినదే. ఆవులు పది కూడినను "వచ్చినవి" యే. అనగా తెలుగున స్త్రీ ఒక్కతెయై యున్నప్పుడు దొరకని క్రియారూపము పదిమందియైనప్పుడు దొరకును. 1992లో ప్రకాశం సరిహద్దునకు ఆవల, నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు కూడిన స్త్రీలు సారా దుకాణమును మూయించినప్పుడు ఈ వ్యాకరణ సూత్రమే మాకు జ్ఞప్తికి వచ్చును. ఒక్కొక్కతెగా యింట చెప్పినప్పుడు చెవిని పెట్టని మాటను, గుంపుగా వీథిలో చెప్పినప్పుడు ప్రభుత్వమే వినవలసి వచ్చెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను. నిషేధము పోయినను, ఆ స్త్రీలు అధికారుల యెదుట నేర్చిన మాట పోలేదు.

కళాశాలల బాలికలు ఒకరినొకరు "రేయ్" అనియు "ఏరా" అనియు పిలుచుకొనుటను గూర్చియు అడుగుదురు. మా చెవికి అది ఇంపుగా లేదని దాచనేల? కాని ఆలోచింపగా ఒకటి తోచినది. "ఒసే", "ఏమే" అను పిలుపులు ఆడపిల్ల చిన్ననాటి నుండి తిట్లతో కలిపి విన్నవి. "రా" అను పిలుపు లాలనతోడను విన్నది. మన తల్లులు కూతురిని "ఏం నాన్నా, ఏం కావాలిరా" అని దగ్గరకు తీయుటలేదా? రెంటిలో మెత్తనిదానిని ఆ పిల్లలు ఏరుకొనిరి. ఇంతకు మించి దీనిని పెంచనక్కర లేదు.

భర్త పేరు పలికినచో అతని ఆయువు తరుగునను నమ్మకమును గూర్చి ఒక మాట. ఆ నమ్మకము వెనుకనున్న ప్రేమను మేము తక్కువ చేయము. పలుకకుండుటలో ఒక కాపుదల కలదని ఎందరో తల్లులు నమ్మి, బ్రదుకంతయు పాటించిరి. అయితే 1997–98లో పత్తి చేతికి రాక, వరంగల్లు మొదలు మన గుంటూరు, ప్రకాశం వరకు ఎందరో రైతులు పురుగుమందు త్రాగి ప్రాణములు తీసికొనిరి. మరల ఆ తరువాతి యేండ్లలోను ఆ దుఃఖము ఆగలేదు. 2004లో ప్రభుత్వము అట్టి కుటుంబములకు లక్ష రూపాయల సహాయమును, అప్పుల పరిష్కారమునకు మరి 50 వేలను ప్రకటించినది. దానికై విచారణ జరుగును. బల్ల ముందు నిలిచిన భార్యను, భర్త పేరు, కౌలుకు తీసికొన్న ఎకరములు, ఎవరి దుకాణమున ఎంత అప్పు, ఏ వడ్డీకి నోటు వ్రాసెనో అడుగుదురు. పెక్కుమందికి పేరు తప్ప తక్కినవేవియు తెలియవు. ఇంట మగవాడు చెప్పలేదు, ఆమె అడుగుట మర్యాద కాదనుకొన్నది. ఆయువు తరుగునని ఏండ్ల తరబడి పలుకని పేరును, ఆయువు తీరిన పిమ్మట, పరాయివారి యెదుట, మొదటిసారి పలికినది. అప్పుడును వాకిట నిలిచినవారిలో ఒకరు "పదిదినములు కాలేదు, ఎట్లు మాటలాడుచున్నదో చూడుము" అనక మానలేదు.

పేరున పిలువవలెనా, "మీరు" అనవలెనా అనునది ఆ దంపతుల యిష్టము. ఇరువురును "మీరు" అనుకొను యిండ్లును కలవు, వినుటకు ముచ్చటగ నుండును. మేము కోరునది ఒక్కటి: భార్యను "ఒసే" యని కేకవేయు పురుషుడు, భార్య నోట "నువ్వు" విని శాస్త్రమును గూర్చి మమ్ము ప్రశ్నింపకుండుగాక. అప్పు సంగతి, పంట సంగతి అడుగు భార్యను నోరు గలదనువారికిని ఇదే మా మాట.

మా దేవస్థానమున ఒక చిన్న మార్పు చేసితిమి. సంకల్పములో యజమాని నామము చెప్పి "ధర్మపత్నీ సమేతస్య" అని సాగిపోవుట వాడుక. భర్త వెంట లేక వచ్చిన స్త్రీకి, భర్త లేని స్త్రీకి అది యెట్లు పొసగును? "గోత్రవతీ", "నామధేయవతీ" అను రూపములు మనకు ఉండనే ఉన్నవి. అర్చకులు వానితో ఆమె పేరుననే సంకల్పము చెప్పవలెనని నిర్ణయించితిమి. గుమాస్తా గూడ ఇప్పుడు మొదట "మీ పేరేమిటమ్మా?" అని అడుగుచున్నాడు. చిన్నవారు వెంటనే చెప్పుదురు. వయసు మళ్ళిన తల్లులు కొందరు మాత్రము, అడిగినది తమ్మునో కాదో యని, ఒకసారి వెనుకకు తిరిగి చూతురు.