మస్ట్ బి థర్డ్: ఇది ఆర్డరా, అంచనానా?

ఈ రోజు టాపిక్ చూడ్డానికి చిన్నగనే ఉంటది. కెన్, మే, మస్ట్, షుడ్, ఇవి మోడల్ వెర్బ్స్. ఫస్ట్, సెకండ్, టెన్త్, ఇవి ఆర్డినల్స్, అంటే వరుస చెప్పే నంబర్లు. స్కూల్లో ఈ రెండూ వేరే వేరే పాఠాలు. కానీ మీ ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లో రెండూ ఒకే లైన్‌లో కూర్చుంటయి.

కాలేజీ అడ్మిషనో, జాబ్ జాయినింగో అనుకోండి. ఒక మెసేజ్: "యు మస్ట్ రిపోర్ట్ బై ద టెన్త్." ఇంకో మెసేజ్: "యు మే రిపోర్ట్ ఆన్ ద టెన్త్." రెండిట్లో తెలియని పదం ఒక్కటి లేదు. అయినా రెండూ ఒకటే అనుకుంటే సీటు పోయే ఛాన్స్ ఉంది.

మొదటిది పదో తారీఖు లోపు రావాల్సిందే అని. ఎనిమిదిన పోయినా ఓకే, పదిన పోయినా ఓకే, పదకొండున పోతే అయిపోయినట్టే. రెండోది పదో తారీఖున రావచ్చు అని పర్మిషన్ ఇస్తున్నది. ఎనిమిదినే పోయి నిలబడితే వాళ్లు లోపలికి రానియ్యకపోవచ్చు. కాబట్టి మోడల్‌ని ఒక్కదాన్నే చూడొద్దు, తారీఖు ముందున్న చిన్న మాట కూడా చూడాలి. "బై" అంటే ఆ తారీఖు కల్లా. "ఆన్" అంటే ఆ రోజే. "టిల్" అంటే అప్పటి దాకా: "యు కెన్ పే టిల్ ద టెన్త్", పదో తారీఖు దాకా ఎప్పుడైనా కట్టొచ్చు. గవర్నమెంట్ నోటిఫికేషన్లలో మస్ట్ బదులు "షల్" కనిపిస్తది: "అప్లికెంట్స్ షల్ సబ్మిట్ ద ఫామ్ ఆన్ ఆర్ బిఫోర్ ద ఫిఫ్టీన్త్." ఇక్కడ షల్ అంటే "చేస్తారు" అని కాదు, "చేయాలి" అని. పదిహేనో తారీఖు కూడా లెక్కలోకి వస్తది.

ఇప్పుడు అసలు కన్ఫ్యూజన్‌కి వద్దాం. బోథ్‌లో ఆదిలాబాద్ బస్సు ఎక్కినం, పక్కన కూర్చున్నాయన కిటికీలోంచి చూసి "దిస్ మస్ట్ బి ద థర్డ్ స్టాప్" అన్నడు అనుకోండి. మస్ట్ అంటే "తప్పనిసరి" అని బట్టీ పట్టినోళ్లు ఇక్కడ ఇరుక్కుంటరు. స్టాప్‌కి ఎవరైనా ఆర్డర్ వేస్తరా? ఆయన చెప్పేది "ఇది మూడో స్టాప్ అయ్యుంటది" అని. లెక్కపెట్టుకుంటూ వచ్చిండు, గట్టి నమ్మకం ఉంది, కానీ బోర్డు చూడలేదు.

నేను వాడే గుర్తు ఇది. మోడల్ తర్వాత "బి" వచ్చి, దాని వెనుక ఆర్డినల్ వస్తే మోస్ట్‌లీ అంచనా. మోడల్ తర్వాత పే, రిపోర్ట్, సబ్మిట్ లాంటి పని వచ్చి, చివర్లో ఆర్డినల్ తారీఖుగా వస్తే మోస్ట్‌లీ రూల్ లేదా పర్మిషన్. ఆల్వేస్ కాదు, మోస్ట్‌లీ. రన్నింగ్ కోచ్ "యు మస్ట్ బి ఫస్ట్" అంటే అది అంచనా కాదు కదా, నువ్వే ఫస్ట్ రావాలి అని.

దీనికి ఇంగ్లిష్‌ని తిట్టాల్సిన పని లేదు, మన తెలుగులో కూడా ఇదే తిరకాసు ఉంది. "బస్సు ఐదో ప్లాట్‌ఫామ్ మీద ఉండాలి" అంటే డ్రైవర్‌కి రూల్ చెప్తున్నట్టా, "అక్కడే ఉంటది, పోయి చూడు" అని ప్యాసింజర్‌కి చెప్తున్నట్టా? రెండూ అవుతయి. ఇంగ్లిష్ "షుడ్ బి" అచ్చం ఇట్లనే. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు "ద ఫిక్స్ షుడ్ గో లైవ్ ఆన్ ద ట్వంటీయత్" అని మెయిల్ వచ్చిందంటే నేను వెంటనే రిప్లై కొట్టేవాణ్ణి: "ఈజ్ దట్ ఎ డెడ్‌లైన్?" అడిగితే పోయేదేం లేదు.

అంచనాల్లో కూడా మెట్లు ఉన్నయి. పి.వి. నరసింహారావు గారినే తీసుకుందాం. మన ఉత్తర తెలంగాణలో మంథని నుంచి 1957లో ఎమ్మెల్యే అయినాయన, 1991 నుంచి 1996 దాకా ప్రధానమంత్రి. ఆయన ఎన్నో ప్రధాని? లిస్ట్ సగం గుర్తున్నోడు "హి మైట్ హావ్ బీన్ ద నైన్త్" అంటడు: తొమ్మిదో ఆయన కావచ్చు. నెహ్రూ నుంచి వేళ్ల మీద లెక్కపెట్టినోడు "హి మస్ట్ హావ్ బీన్ ద నైన్త్" అంటడు: తొమ్మిదో ఆయనే అయ్యుండాలి. తెలిసినోడు అసలు మోడలే వాడడు: "హి వాజ్ ద నైన్త్." చూడండి, మస్ట్ వినడానికి ఎంత గట్టిగున్నా "వాజ్" కంటే ఒక మెట్టు కిందనే. పక్కాగా తెలిసినప్పుడు మస్ట్ పెడితే మీకే డౌట్ ఉన్నట్టు వినిపిస్తది. జరిగిపోయిన సంగతి కాబట్టి "హావ్ బీన్" వచ్చింది, అది మర్చిపోవద్దు.

ఇంతకీ "ఎన్నో ప్రధాని" అన్నం కదా, ఆ "ఎన్నో"కి ఇంగ్లిష్‌లో మామూలుగా వాడే ఒక్క మాట లేదు. మన దగ్గర మరాఠీ మాట్లాడేవాళ్లకి "కితవా" ఉంది, మనకు "ఎన్నో" ఉంది. ఇంగ్లిష్‌వాళ్లు "వాట్ నంబర్ ప్రైమ్ మినిస్టర్ వాజ్ హి?" అని చుట్టూ తిరిగి అడగాలి. ఈ ఒక్క విషయంలో మనమే రిచ్. "నువ్వు ఇంట్లో ఎన్నోవాడివి?" అని అడగాలన్నా తిప్పలే. అందుకే చాలాసార్లు ప్రశ్న బదులు అంచనా వేస్తరు: "యు మస్ట్ బి ద సెకండ్ వన్, రైట్?" అవునో కాదో మీరే చెప్తరు.

కాదు అనాలంటే? ఇక్కడ జాగ్రత్త. మూడో స్టాప్ అయ్యే ఛాన్సే లేదు అనడానికి "దిస్ కాంట్ బి ద థర్డ్ స్టాప్" అనాలి. మస్ట్‌కి నాట్ తగిలిస్తే చాలామంది చెవికి అది నిషేధం లాగా వినిపిస్తది. "యు మస్ట్ నాట్ బి ద ఫస్ట్ టు లీవ్" అంటే అందరికంటే ముందు లేచి పోవద్దు అని వార్నింగ్.

"ద" సంగతి కూడా చెప్తా. స్టాప్, తారీఖు, మనిషి, ఇట్ల ఒకదాన్ని వేలుపెట్టి చూపిస్తే "ద థర్డ్" అంటం. గో, కమ్, ఫినిష్ పక్కన వరుస మాత్రమే చెప్తే "ద" అక్కర్లేదు. క్యూలో పెద్దాయన వెనక ఉంటే "యు కెన్ గో ఫస్ట్, సర్." అంతే.

చివరగా ఒక తమాషా. మోడల్ "మే", నెల "మే", తెలుగులో రాస్తే రెండూ ఒకటే. హెచ్ఆర్‌కి "మే ఐ జాయిన్ ఆన్ మే థర్డ్?" అని రాసినరు అనుకోండి. మొదటి మే పర్మిషన్, రెండోది నెల. "యెస్, యు మే" అని వస్తే మూడో తారీఖున పోవచ్చు. "సారీ, యు మస్ట్ జాయిన్ బై ద ఫస్ట్" అని వస్తే ఇంక మూడు దాకా ఆగొద్దు, ఒకటో తారీఖు కల్లా అక్కడ ఉండాలి.