అవిసెనార, పత్తినూలు, చేతివృత్తి శ్రేణులు: ముప్పాళ్ళ రైతు ప్రశ్నకు ఒక సమాధానం

ముప్పాళ్ళ మండలంలో పత్తి రైతులతో మాట్లాడునప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతున్నది. లినెన్ చొక్కా నూలు చొక్కాకన్న ఎంతో ఎక్కువ ధర పలుకుతున్నప్పుడు, ఆ నారపైరును మన నల్లరేగడిలో ఎందుకు వేయరాదు? గులాబీరంగు కాయతొలుచు పురుగుతోను, పత్తితీత కూలితోను విసిగిన రైతు ఇట్లు అడగడం న్యాయమే. సమాధానం కొంత వృక్షశాస్త్రంలోను, కొంత చరిత్రలోను ఉన్నది.

లినెన్ అనగా అవిసె మొక్క కాండపు నారతో నేసిన వస్త్రం. మన పల్లెల్లో అవిసె అనగానే పూలు కూర వండుకొనే చెట్టు తలపునకు వస్తుంది. అది వేరు జాతి. కావున విద్యార్థులు క్షేత్రంలో మదనగింజల మొక్క అని చెప్పడం మేలు. అమరకోశం దీనికి అతసి, ఉమ, క్షుమ అను పర్యాయపదాలనిచ్చినది. క్షుమ నుండి పుట్టినదే క్షౌమము. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సూత్రాధ్యక్షుడు వడికించవలసిన వాటిలో ఉన్ని, పత్తి, జనుములతోపాటు క్షౌమమూ ఉన్నది. అయితే మేలైన క్షౌమానికి ఆ గ్రంథం కాశీ, పుండ్ర దేశాలను పేర్కొన్నది. మేలైన పత్తిబట్టకు చెప్పిన దేశాలలో మధుర, కళింగములున్నవి.

క్రీ.శ. 1వ శతాబ్దికి చెందిన గ్రీకు నావికగ్రంథం పెరిప్లస్, కృష్ణా ముఖద్వార ప్రాంతమైన మసాలియాలో 'సిందోన్' వస్త్రాలు విస్తారంగా తయారవుతున్నవని చెప్పినది. గ్రీకులో ఆ మాట సన్నని నారబట్టకు వాడుకలో ఉన్నది. ఈజిప్టు నారబట్టకు అలవాటుపడిన వర్తకులు మన పత్తిబట్టనూ ఆ పేరుతోనే పిలిచినారు. లినెన్ ఈ తీరానికి పేరుగా వచ్చినది గాని పైరుగా రాలేదు.

కారణం స్పష్టమే. నార కొరకు పెంచే అవిసెకు చల్లని, తేమగల దీర్ఘమైన పగళ్ళు కావలెను. కొమ్మలు వేయకుండ పొడవుగా ఎదుగుటకు ఒత్తుగా విత్తి, గింజ పూర్తిగా పండకమునుపే వేళ్ళతో పీకవలెను. తరువాత కాండాన్ని మంచులోనో నీటిలోనో నానబెట్టి నారను విడదీయవలెను. భారతదేశంలో వాడుకలో ఉన్న రకాలు పొట్టివి, కొమ్మలు వేసేవి, గింజ కొరకైనవి. రెంటచింతల ఎండలకు పేరుపడిన పల్నాటిలో రబీ తేమతో పొడవైన కాండం ఆశించలేము. నానబెట్టుటకు నీరు కావలెనన్న సాగర్ కుడికాలువయే దిక్కు. ఆ మురుగు నీటిని ఎవరు భరింతురు? నార నానబెట్టు విద్య మనకు తెలియనిది కాదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల రైతులు గోగును చెరువులలో ఊరవేసి నార తీసినవారే. ఆ గోగు మన గోంగూరకు దగ్గరి చుట్టము.

నేల, వాతావరణం ఒక ఎత్తు, పైరు వెనుక నిలిచే వ్యవస్థ మరొక ఎత్తు. ఐర్లండులో 1711లో ఏర్పడిన లినెన్ మండలి, 1796లో ఒక ఎకరం అవిసె వేసిన వారికి నాలుగు రాట్నాలు, ఐదెకరాలు వేసిన వారికి ఒక మగ్గం బహుమానంగా ఇచ్చినది. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ సంగతిని గమనింపదగును. అక్కడ విత్తనంతోపాటు రాట్నము, మగ్గమూ కదలినవి.

మన దేశంలో ఆ పనిలో కొంత భాగాన్ని శ్రేణులు నిర్వహించినవి. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన నాసిక్ శాసనంలో ఉషవదాతుడు గోవర్ధనంలోని నేతగాండ్ర శ్రేణులవద్ద 3,000 కార్షాపణాలు శాశ్వతనిధిగా ఉంచినాడు. ఒక శ్రేణికి నెలకు నూటికి ఒకటి వడ్డీపై 2,000, మరొక శ్రేణికి నూటికి ముప్పాతిక వడ్డీపై 1,000. మొదటి మొత్తంపై ఏడాదికి వచ్చే 240 కార్షాపణాలు ఇరువదిమంది భిక్షువుల వస్త్రాలకు, ఒక్కొక్కరికి 12 చొప్పున. పల్నాటిలోనే నాగార్జునకొండ శాసనంలో తమలపాకులవారి, పిండివంటలవారి శ్రేణులు ఇట్టి నిధులను స్వీకరించినట్లున్నది. అసలు చెడకుండ వడ్డీ చెల్లించగల వృత్తిసంఘం అనగా ముడిసరుకు కొని నిలువ చేయగల పెట్టుబడి గలదని అర్థం. 17వ శతాబ్దిలో మచిలీపట్నం వెనుకటి గ్రామాలలో విదేశీ కంపెనీల బయానా సొమ్ము ఆ స్థానాన్ని ఆక్రమించినది. నేతగాడు ముందే అప్పుపడి, ధర అడుగు శక్తిని పోగొట్టుకొన్నాడు.

నేటి స్థితి చూడుడు. ముప్పాళ్ళ పత్తి జిన్నింగు మిల్లుకు పోవును. మంగళగిరి మగ్గానికి మిల్లు నూలు వచ్చును. రెంటి నడుమ ఆ రైతునూ ఆ నేతగానినీ కలిపే సంఘం లేదు. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడతో శుభ్రపరచి, చేతితో వడికి, అక్కడే నేయుట ఇప్పటికీ ఉన్నది. పొట్టిపింజ దేశవాళీ పత్తితో అట్టి గొలుసును పల్నాటిలో చిన్నగా పరీక్షించుట, కొత్త నారపైరు తెచ్చుటకన్న సాధ్యమైన పనియని నా అభిప్రాయం. దానికి కూడ కొనువారిని ముందుగా కుదుర్చుకొనవలెను.

ఇక మదనగింజలను రబీలో చిన్న మడిలో వేసి చూడదలచిన రైతును వారింప నక్కరలేదు. అయితే అది నూనెగింజ పైరు మాత్రమేననియు, దుకాణంలోని లినెన్ చొక్కా ధరతో దానికి సంబంధం లేదనియు విత్తుటకు ముందే అతనికి చెప్పవలెను.