సూదిపై పుకార్లు.. తట్టుకు ఊతం

భివండి: ‘ఆ సూది వేయిస్తే పెద్దయ్యాక పిల్లలు పుట్టరంట..’ పోలియో చుక్కల కాలం నుంచీ వినిపిస్తున్న మాటే ఇది. 2018 నవంబరు 27న మహారాష్ట్రలో గోవర్‌-రుబెల్లా టీకాలు మొదలైనప్పుడు సెల్‌ఫోన్లలోకీ ఎక్కింది. నాలుగేళ్లు తిరక్కుండానే 2022 నవంబరులో మాలేగావ్‌, ముంబయిలోని గోవండిలతో పాటు సాంచాల పట్టణం భివండిలోనూ తట్టు విజృంభించింది. జబ్బు పడినవారిలో ఎక్కువ మంది టీకా అందని పిల్లలేనని కేంద్రం తేల్చింది. తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల లోపు వారికి అదనపు డోసు వేయాలని సూచించింది.

ఈ భయం ఊరికే పుట్టలేదు. ఎమర్జెన్సీలో జనాన్ని పట్టుకుపోయి నస్‌బందీ చేశారు. నిర్బంధ కుటుంబ నియంత్రణకు 1976లో మహారాష్ట్ర శాసనసభ ఏకంగా బిల్లే ఆమోదించింది. రాష్ట్రపతి సంతకం కాక అది ఆగిపోయింది కానీ సర్కారు సూది అంటే అనుమానం మిగిలింది. అయితే 1995లో పల్స్‌పోలియో చుక్కలు తాగిన పిల్లలు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులు. అంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి? దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది.

టీకాతో ఆటిజం వస్తుందన్న ప్రచారమూ అంతే. 1998లో 12 మంది పిల్లలపై రాసిన వ్యాసాన్ని లాన్సెట్‌ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. రాసిన వేక్‌ఫీల్డ్‌ డాక్టరు గుర్తింపూ పోయింది.

అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి ఇంట్లోనే ఉంచుకోవడం మరో చిక్కు. వేపాకు తప్పు కాదు, దవాఖానకు పోకపోవడమే తప్పు. తట్టు వైరస్‌ గదిలో గాలిలో రెండు గంటల వరకు ఉంటుంది. ఒకే గదిలో ఇంటిల్లిపాదీ ఉండే చోట ఇక చెప్పాలా? జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్లు, ఆపై మొహం మీద దద్దు.. న్యుమోనియాకు దారితీస్తే ప్రాణానికే ముప్పు. విటమిన్‌-ఎ వరుసగా రెండు రోజులు ఇవ్వాలి.

మన పద్మశాలి కుటుంబాల్లో పుకారు కన్నా ప్రయాణాలే కొంప ముంచుతాయి. కాన్పు కరీంనగర్‌లోనో, నల్గొండలోనో పుట్టింట్లో అవుతుంది. మొదటి డోసు అక్కడ పడుతుంది. బిడ్డతో పద్మానగర్‌ తిరిగొచ్చాక కార్డు ఊళ్లోనే ఉండిపోతుంది, రెండోది మర్చిపోతారు. మొదటిది 9 నెలలు నిండాక, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. కార్డు పోయినా ఫర్వాలేదు, ఏ సర్కారు కేంద్రంలోనైనా ఉచితమే. ఇక్కడి మరాఠీ కార్డులో ‘గోవర్‌’ అని ఉన్న గడే మన తట్టు టీకాది.