ఉపవాసము - ఉపద్రవము

ఆంధ్రరాష్ట్రావతరణ పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయునకు ఒక చిక్కు ప్రశ్న ఎదురగుట సహజము. "అయ్యా! పొట్టి శ్రీరాములుగారు 58 దినములు ఉపవసించినను చలింపని ప్రభుత్వము, ఆయన మరణానంతరము నాలుగు దినములు అల్లరులు జరుగగానే దిగివచ్చినది గదా! ఫలించినది ఉపవాసమా, అల్లరియా?" అని విద్యార్థి అడిగినచో, "హింస తప్పు" అని ఒక్క మాటతో త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

ముందుగా జరిగినదానిని స్మరింతము. 1952 అక్టోబరు 19వ తేదీన మదరాసులో, బులుసు సాంబమూర్తిగారి యింట శ్రీరాములుగారు నిరాహారదీక్ష పూనిరి. డిసెంబరు 15వ తేదీ రాత్రి ఆ దీక్ష ఆయన మరణముతో ముగిసినది. వార్త తెలియగానే తెలుగు పట్టణములు భగ్గుమన్నవి. రైళ్లు నిలిచిపోయినవి; ప్రభుత్వపుటాస్తులు ధ్వంసమైనవి; పోలీసు కాల్పులలో పలువురు మరణించిరి. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్రరాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. 1953 అక్టోబరు 1న, మదరాసు నగరము లేకుండగనే, కర్నూలు రాజధానిగా రాష్ట్రము ఏర్పడినది.

ఈ తేదీలను మాత్రమే చూచినచో అల్లరియే గెలిచినట్లు తోచును. కాని ఆ నాలుగు దినముల వెనుక నలువది యేండ్ల చరిత్ర కలదు. 1913లో బాపట్లలో ప్రథమ ఆంధ్రమహాసభ జరిగిన నాటినుండి ఈ కోరిక సభలలోను పత్రికలలోను వినిపించుచునే యున్నది. 1949లో నెహ్రూ, పటేలు, పట్టాభి సభ్యులుగా గల కాంగ్రెసు సంఘము సైతము, మదరాసును వదలుకొన్నచో ఆంధ్రరాష్ట్రమును ఏర్పరుపవచ్చునని అంగీకరించినది. 1951లో స్వామి సీతారాం 35 దినములు ఉపవసించి, వినోబా భావే హితవుపై విరమించిరి. అల్లరులు ప్రకటనను త్వరపెట్టి యుండవచ్చును. కోరికకు న్యాయబలమును చేకూర్చినవి మాత్రము అవి కావు.

అట్లని ఉపవాసము నిరాక్షేపణీయమా? 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో డాక్టరు అంబేద్కరు, రాజ్యాంగ మార్గములు తెరచియుండగా సత్యాగ్రహ సహాయనిరాకరణములు అరాచకమునకు దారితీయునని హెచ్చరించిరి. ఈ మాట బరువైనది. శాసనసభ యుండగా "నా కోరిక తీరకున్న మరణింతును" అనుట ఇతరుల వివేకముపై ఒత్తిడియే. రేపు అన్యాయమైన కోరికకై మరియొకడు ఇట్లే కూర్చుండవచ్చును. త్యాగము కోరువాని చిత్తశుద్ధికి సాక్ష్యము. కోరిక న్యాయమైనదనుటకు సాక్ష్యము కాదు.

అయినను రెంటికి గొప్ప భేదమొకటి కలదు. ఉపవసించువాడు పణముగా ఒడ్డునది తన ప్రాణము. ఉప్పు సత్యాగ్రహమున బాహాటముగా చట్టమును ధిక్కరించి చెరసాలకు నడచినవారును, వారిలో ఒకరైన శ్రీరాములుగారును, ఒడ్డినది తమ దేహమునే. రాయి రువ్వువాడో, గుంపులో దాగును. మూల్యము చెల్లించునది రైలులోని ప్రయాణికుడు, దారినపోవు బాలుడు. అడుగకయే పరుని ప్రాణమును పణమొడ్డుటకు ఎవరికిని హక్కు లేదు. ఓటు గల దేశమున అసలే లేదు.

ఇక మిగిలినది ప్రభుత్వపు బాధ్యత. 1949లో అంగీకరింపబడిన సూత్రమే 1952 డిసెంబరులో ప్రకటనయైనది. ఆ ప్రకటనను అక్టోబరులో చేసియున్నచో ఒక సాధుపురుషుడు మరణింపడు. వీధులలో నెత్తురు చిందదు. సౌమ్యుని మాటకు చెవియొగ్గక మంటలు చూచి మేల్కొను ప్రభుత్వము, ప్రజలకు హింసను నేర్పు గురువగును.

కావున ఉపాధ్యాయుడు ఆ విద్యార్థిని మెచ్చుకొని, ప్రశ్నను కొంచెము సవరింపవలెను: "అల్లరి ఫలించినదా అని కాదు నాయనా! అల్లరికి ముందే వినవలసినవారు ఏల వినలేదు అని అడుగుము."