నీళ్ళలో గేదె బేరం

ప్రగతి నగర్‌లో మా మేడమీది వాటాలో ఒక కుర్రవాడు కాపురముంటున్నాడు. ఉద్యోగం హైటెక్ సిటీలో. మొన్నొక సాయంకాలం నల్లని లోహపు గొట్టం ఒకటి పట్టుకుని గబగబా దిగివచ్చాడు.

"బాబాయిగారూ, రష్యా కటకం! నాలుగు వేలకే వచ్చిందండీ."

దీపానికి ఎదురుగా పట్టి చూశాను. గాజు లోపల సాలెగూడు పోగుల్లాగా తెల్లని గీతలు. బూజు!

పాపం, వాడి మొహం చిన్నబోయింది. ఊరినుంచి వచ్చిన ఎనభై ఏళ్ళ అమ్మమ్మకు మంచి ఫొటో ఒకటి తియ్యాలని వాడి ముచ్చట. ఆవిడ ప్రయాణం ఇంకా నాలుగు రోజులే. అమ్మిన పెద్దమనిషి టెలిఫోను ఎత్తడం లేదు.

"బొమ్మ చూసి కొన్నావా?" అన్నాను.

"అవునండీ."

నీళ్ళలో గేదెను బేరం చెయ్యడమంటే ఇదే మరి.

లక్ష రూపాయల కెమేరా ఉన్నవాడికి పాత కటకం ఎందుకని మీకు సందేహం కలగవచ్చు. సోవియట్ సరుకు మనకు కొత్త కాదు. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థకు బాలానగర్‌లో మందుల కర్మాగారం వెలిసింది సోవియట్ సహాయంతోనే. తెలుగులో అచ్చయి వచ్చిన రష్యా బొమ్మల పుస్తకాలు చదివి పెరిగినవారు మనలో ఎందరో! 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. కాని అక్కడ లక్షలకొద్దీ తయారైన కటకాలు మాత్రం మిగిలాయి.

వాటిలో పేరుమోసినది హీలియోస్ 44. హీలియోస్ అంటే గ్రీకుల సూర్యభగవానుడు. రష్యనులు 'గేలియోస్' అని రాసుకుంటారు. 1930లలో జర్మనీలో జైస్ వారు చేసిన బయోటార్ కటకమే దీనికి మాతృక. 1958 ప్రాంతంలో మాస్కో దగ్గర క్రాస్నగోర్స్క్ కర్మాగారంలో పుట్టి, తరువాత జెనిత్ కెమేరాలతో ప్రపంచమంతా తిరిగింది.

దీని సొగసంతా ఒక లోపంలో ఉంది. రంధ్రాన్ని పూర్తిగా తెరిచి, చెట్టుకు దూరంగా మనిషిని నిలబెట్టి తీస్తే, వెనకాల ఆకుల సందుల్లోని వెలుగు చుక్కలు బొమ్మ అంచుల్లో బాదంగింజల్లా సన్నబడి, మధ్యనున్న మనిషి చుట్టూ సుడి తిరిగినట్లు కనిపిస్తాయి. అంచులకు వచ్చే కాంతి కొంత గొట్టానికి అడ్డుపడి తెగిపోవడం ఇందుకు ఒక కారణం. కొత్త కటకాలలో ఈ దోషాన్ని చాలావరకు సవరించారు. మనవాళ్ళేమో ఆ దోషంకోసమే పాతవాటిని వెతుకుతున్నారు! అయితే చిన్న సెన్సర్ ఉన్న కెమేరాలో అంచులు తెగిపోతాయి గనుక సుడి అంతగా కనిపించదు.

కొనేముందు చూసుకోవలసిన మొదటి సంగతి, అది మీ కెమేరాకు కుదురుతుందా అన్నది. హీలియోస్ 44-2 కు 42 మిల్లీమీటర్ల మర ఉంటుంది. అది సెన్సర్‌కు 45.46 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలి. అద్దంలేని కొత్త కెమేరాల్లో ఈ దూరం బాగా తక్కువ — సోనీలో 18, నికాన్ జడ్‌లో 16. మిగిలిన ఖాళీని ఎడాప్టర్ అనే లోహపు కడియం పూరిస్తుంది. నికాన్ వారి అద్దమున్న పాతరకానికి మాత్రం 46.5. అక్కడ గాజులేని కడియం తగిలిస్తే దూరపు వస్తువులు స్పష్టంగా రావు. మరొక చిన్న మాట: కటకం లేకపోయినా మీట పనిచేసేటట్లు కెమేరాలో ముందే ఏర్పాటు చేసుకోవాలి. లేకపోతే కొన్ని కెమేరాలు మొరాయిస్తాయి.

రెండవది గాజు పరీక్ష. చీకటి గదిలో టార్చిదీపం ఒక పక్కనుంచి వేసి, రెండవ పక్కనుంచి చూడండి. నాలుగు దుమ్ము రేణువులు కనిపిస్తే భయం లేదు. పోగులు, పొగలాంటి మసక కనిపిస్తే వదిలెయ్యండి. రంధ్రాన్ని తెరిచి మూసి చూడండి. 44-2 లో రేకులు ఎనిమిది. ఫోకస్ వలయాన్ని ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పండి. పాత గ్రీజు గడ్డకట్టి బిగిసిపోయి ఉంటే బాగుచేయించుకోవచ్చు. దానికయ్యే ఖర్చు మాత్రం ధరలోంచి తగ్గించమనండి. విదేశాలనుంచి తెప్పిస్తే తపాలా ఖర్చూ, సుంకమూ కలుపుకోవాలి. ఇంటికి తెచ్చాక మూత గట్టిగా పట్టే డబ్బాలో, తేమ పీల్చే సిలికా పొట్లంతో సహా దాచాలి. మన వానాకాలం సంగతి తెలిసిందేగా!

ఆదివారంనాడు కుర్రవాడు టార్చిదీపం జేబులో వేసుకుని నగరంలోకి వెళ్ళాడు. మూడు కటకాలు చూసి రెండు కాదన్నాడట. మూడవది కాస్త బిగుసుగా తిరుగుతున్నా గాజు నిర్మలం.

సాయంకాలం అమ్మమ్మను చెరువుగట్టు దగ్గర చెట్టుకింద కూర్చోబెట్టాడు. రంధ్రం పూర్తిగా తెరిచి, మీటరు దూరంనుంచి తీస్తే స్పష్టంగా వచ్చే మందం రెండంగుళాలైనా ఉండదు. కన్ను కుదిరితే చెవి మసక. ఆవిడ కదిలితే రెండూ మసక. పది బొమ్మలు పాడయ్యాయి.

"ఎంతసేపురా అబ్బాయ్? మీ తాతయ్య పెళ్ళిఫొటోకు కూడా ఇంతసేపు కూర్చోలేదు!" అని ఆవిడ నవ్వింది.

వలయం అప్పటికి సరిగ్గా కుదిరింది. పదకొండవ బొమ్మ అది.

బుధవారం బస్సెక్కేటప్పుడు, ఆ ఫొటో ఆవిడ సంచీలో పచ్చడి జాడీల పక్కన భద్రంగా ఉంది.