హెడ్‌లైట్లకి శుక్లాలు

చదువుకోవడానికి అమెరికా వచ్చిన మనవాళ్ళు మొట్టమొదట కొనే కారు సాధారణంగా ఏ పాత కామ్రీయో, సివిక్కో అయి ఉంటుంది. సీనియర్ల నుంచి జూనియర్లకి చేతులు మారుతూ లక్షన్నర మైళ్ళు తిరిగినా ఇంజను మాత్రం గుండ్రాయిలా ఉంటుంది. ముందువైపుకి వెళ్ళి చూస్తే తెలుస్తుంది దాని వయసు. హెడ్‌లైట్లు రెండూ పసుపుపచ్చగా, మసకగా, శుక్లాలు కమ్మిన కళ్ళలా ఉంటాయి. కార్ వాష్‌లో కడిగిస్తే పోతుందిలే అనుకుంటాం. పోదు. అది మురికి కాదు కాబట్టి.

1983 దాకా అమెరికాలో హెడ్‌లైట్లంటే సీల్డ్ బీమ్‌లే. బల్బు పోతే మొత్తం లైటే మార్చేవారు కనక దాంతోపాటు కొత్త గాజు కూడా వచ్చేది. ఆ ఏడు నిబంధనలు సడలించాక, 1984 మోడల్ లింకన్ మార్క్ సెవెన్‌తో బల్బు ఒక్కటే విడిగా మార్చుకునే లైట్లు వచ్చాయి. గాజు బదులు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ వచ్చింది. ఇది తేలిక, రాయి తగిలినా అంత సులభంగా పగలదు, ఏ ఆకారంలో కావాలంటే ఆ ఆకారంలో పోత పోయొచ్చు. కాకపోతే రెండు బలహీనతలు: సులువుగా గీతలు పడతాయి, ఎండకి ఆగదు. అందుకే ఫ్యాక్టరీలో దాని మీద పారదర్శకమైన గట్టి పూత ఒకటి వేస్తారు. తల వెంట్రుక మందంలో చిన్న వంతు కూడా ఉండని ఈ పూతే అసలు రక్షణ. ఏళ్ళ తరబడి అతినీలలోహిత కిరణాలు, ఇసుక, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు కలిసి దాన్ని తినేస్తాయి. పూత పోయిన చోట ప్లాస్టిక్ అణువులే మారిపోయి పసుపు రంగు తిరుగుతాయి. ఆరిజోనా, టెక్సాస్‌లలో ఆరుబయట ఎండలో పెట్టే కార్లకి ఇది తొందరగా వస్తుంది.

ఇది అందానికి సంబంధించిన విషయం అనుకుంటే పొరపాటు. ట్రిపుల్ ఏ సంస్థ 2018లో పరీక్షించి చూస్తే, బాగా మసకబారిన హెడ్‌లైట్లు కొత్తవాటి కాంతిలో 20 శాతమే ఇచ్చాయి. మిగతాది అటూ ఇటూ చెదిరి, ఎదురుగా వచ్చేవాడి కళ్ళలో పడుతుంది. వీధి దీపాల్లేని దారిలో అడ్డొచ్చిన జింక ఆఖరి క్షణం దాకా కనపడదు. రోజూ కొంచెం కొంచెంగా తగ్గుతుంది కాబట్టి నడిపేవాడికి తేడా తెలీదు. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే సరిపోతుందనే స్నేహితులు నాకూ ఉన్నారు. మసక అద్దం వెనక దీపం పెద్దది చేస్తే చెదిరే వెలుతురే పెరుగుతుంది.

ఇక చిట్కా వైద్యాలు. టూత్‌పేస్ట్‌లో సన్నటి రాపిడి పొడి ఉంటుంది కనక కాసేపు మెరుస్తుంది, అంతే. దోమల మందు స్ప్రే మాత్రం అసలు వద్దు. అందులోని డీట్ ప్లాస్టిక్ పైపొరని కరిగించి నున్నగా కనిపించేలా చేస్తుంది, కారు రంగు మీద పడితే దాన్నీ పాడుచేస్తుంది. అసిటోన్ తగిలితే పాలీకార్బొనేట్‌కి సన్నటి పగుళ్ళు వస్తాయి.

సరైన పద్ధతికి గంటన్నర చాలు, కిట్ 20-25 డాలర్లలో దొరుకుతుంది. ముందు సబ్బునీళ్ళతో కడిగి, చుట్టూ ఉన్న రంగుకి పెయింటర్స్ టేప్ అంటించండి. ఇది బద్ధకించే చోటు కాదు. తర్వాత ఉప్పుకాగితం, అంటే శాండ్‌పేపర్: 800 లేదా 1000 నంబరుతో మొదలుపెట్టి 2000, ఆపైన 3000. ప్రతిసారీ నీళ్ళు ధారాళంగా పొయ్యాలి. మొదటి కాగితంతో రుద్దినప్పుడు పచ్చటి పాలలాంటి నీళ్ళు కారతాయి. అది చచ్చిపోయిన పాత పూత. తెల్లటి నీళ్ళు వచ్చేదాకా ఆపకండి. ఈ దశలో లైటు ముందుకంటే అధ్వాన్నంగా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళు వచ్చి చూసి ఒక మాట అని వెళతారు కూడా. కంగారు పడొద్దు. నంబరు పెంచేకొద్దీ గీతలు సన్నబడతాయి, పాలిషింగ్ కాంపౌండ్ పట్టించాక అద్దం తేటపడుతుంది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఉన్న కాస్త పూతనీ మనమే గీకేశాం కదా, ఇప్పుడు ఎండకి అడ్డేదీ లేదు. కొన్ని నెలల్లో పసుపు మళ్ళీ తిరిగొస్తుంది. కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, అతినీలలోహిత కిరణాలని ఆపే క్లియర్ కోట్ వెయ్యాల్సిందే. సిల్వేనియా కిట్‌లో లాగా ఈ పూత కలిపి ఇచ్చేవే కొనండి, లేనిది ఎంత చవకైనా దండగ. నీడలో, దుమ్ము లేని చోట, వెచ్చటి పొడి రోజున చెయ్యండి. రెండు భాగాలు కలిసిన టూకే స్ప్రే ఎక్కువకాలం ఉంటుంది గానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. తగిన రెస్పిరేటర్ లేకుండా దాని జోలికి పోవద్దు.

డ్యాష్‌బోర్డు మీటర్ల మీది గీతలకి ఈ ఉప్పుకాగితం వైద్యం చెయ్యకండి. అక్కడ ప్లాస్టిక్ పాలిష్, మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

ఇంత చేసినా కొత్తదానిలా అవ్వదు. ట్రిపుల్ ఏ లెక్కలోనే బాగుచేసిన లైట్లు 70 శాతం దాకా వచ్చాయి. ఇరవై నుంచి డెబ్బై అంటే నాకు తక్కువేం అనిపించదు. మసక లోపలివైపున ఉన్నా, నీటి ఆవిరి చేరినా, పగుళ్ళు లోతుగా ఉన్నా మాత్రం రుద్దడం వృథా, లైటే మార్చాలి. మార్చాక గరాజ్ తలుపు మీద వెలుగు పడనిచ్చి ఎత్తు, దిశ సరిచూసుకోండి.